25 వేలలో ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకోవాలంటే: పార్టుల కంటే ముందు ప్లగ్గు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రాజోలు దగ్గర పల్లె. అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈలో చేరాడు. 25 వేల దాకా పెట్టగలరు. పాత వీజీఏ మానిటరు, కీబోర్డు, మౌసు ఇంట్లో ఉన్నాయి. టౌన్లో ఒక షాపువాళ్ళు "కోర్ ఐ5, 8 జీబీ, 500 జీబీ, మొత్తం 13 వేలు" అన్నారు. అదే తెచ్చుకోవాలా, పార్టులు కొని తండ్రీకొడుకులే బిగించుకోవచ్చా? కరెంటు తరచు పోతుందనీ, ఇంట్లో ఇన్వర్టర్ ఉందనీ కూడా రాశారు.

బిగించుకోవచ్చండి. ఒక మంచి స్టార్ స్క్రూడ్రైవరు, వెలుతురున్న టేబులు, ఒక పూట తీరిక ఉంటే చాలు. 25 వేలలో అన్నీ కొత్తవి రావు గానీ, కొత్తా పాతా కలిపితే నాలుగేళ్ళ చదువుకి సరిపడే మిషను వస్తుంది. ప్రాసెసరు, ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో కొనండి. ఎస్‌ఎమ్‌పీఎస్ (ప్లగ్గు కరెంటును మార్చి పార్టులకి ఇచ్చే డబ్బా), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచే డ్రైవు), మదర్‌బోర్డు (పార్టులన్నీ తగిలించే పలక) కొత్తవే కొనండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందని తేలేదాకా ఏదీ ఆన్ చెయ్యకండి. ఆ 13 వేల సెట్టు మాత్రం వద్దు.

అది ఎందుకు వద్దో ముందు చెబుతాను. "కోర్ ఐ5" అన్న మాట ఒక్కదానితో ఏమీ తెలియదు. దాని పక్కనున్న అంకెలే అసలు సంగతి. ఐ5-2400 అంటే రెండో తరం, 2011 నాటిది. ఐ5-3470 మూడో తరం, 2012 నాటిది. ఐ5-6500 ఆరో తరం, ఐ5-12400 పన్నెండో తరం. ఆ ధరకి "కొత్త కంప్యూటర్" అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం రెండు, మూడో తరం ప్రాసెసర్లే. వాటికి పేరూ ఊరూ లేని హెచ్61 అనే పాత రకం బోర్డు ఒకటి, ఎవరో వాడి తీసేసిన హార్డ్ డిస్కు ఒకటి, క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ ఒకటి తగిలించి కొత్త పెట్టెలో పెడతారు. ర్యామ్ డీడీఆర్3 అనే పాత రకం, కాబట్టి రేపు వేరే బోర్డుకి మారినా అది పనికిరాదు. ఎన్‌వీఎమ్‌ఈ (బోర్డులోనే గుచ్చే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ నుంచి బూట్ అవ్వదు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే పనిచేస్తుంది, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. షాపువాణ్ణి ఒక్క మాట అడగండి: "ప్రాసెసరు పూర్తి నంబరు బిల్లు మీద రాస్తారా?" రాయనంటే అక్కడితో వదిలెయ్యండి.

ఇక పార్టులు. నేను చెప్పే ధరలు "ఇంతకు మించి పెట్టకండి" అన్న హద్దులు మాత్రమే. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి, వారానికోలా ఉంటున్నాయి. అందుకే వాటికి విడిగా అంకె చెప్పను.

ప్రాసెసరు: రైజెన్ 5 5600జి, సెకండ్‌హ్యాండ్, 8 వేల లోపు. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది. చివర ఆ "జి" అక్షరం ఉందో లేదో రెండుసార్లు చూడండి. వట్టి 5600కి, 5600ఎక్స్‌కి గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొంటే తప్ప తెర మీద బొమ్మ రాదు. ఇంటెల్ వైపు వెళ్తే ఐ3-12100 మంచిదే, అక్కడ చివర "ఎఫ్" ఉన్నది కొనకూడదు, కారణం ఇదే. సెకండ్‌హ్యాండ్ ప్రాసెసరు కొనడానికి భయపడనక్కర్లేదు, కంప్యూటర్లో అన్నింటికంటే తక్కువగా చెడిపోయే పార్టు అదే. చూడాల్సింది అడుగున ఉండే పిన్నులు. ఏఎమ్4 అనే సాకెట్టులో కూర్చునే ఈ ప్రాసెసర్లకి 1331 పిన్నులుంటాయి. ఫోన్ కెమెరా జూమ్ చేసి, వెలుగుకి అడ్డంగా పట్టుకుని వరస వెంట చూస్తే ఒక్కటి వంగినా కనిపిస్తుంది. కొద్దిగా వంగిందాన్ని లెడ్డు తీసేసిన 0.7 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిలు మొనలో దూర్చి నిలబెట్టొచ్చు. విరిగింది మాత్రం తీసుకోవద్దు. కూలరు కూడా కలిపి ఇమ్మని అడగండి.

బోర్డు: ఏ520 చిప్‌సెట్ (బోర్డు రకాన్ని చెప్పే పేరు), కొత్తది, 5,500 లోపు. వెనకాల వీజీఏ పోర్టు ఉన్న మోడలే అడగండి, మీ పాత మానిటరుకి కన్వర్టరు ఖర్చు తప్పుతుంది. పెట్టె మీద "రైజెన్ 5000కి సిద్ధం" అన్న స్టిక్కరు ఉండాలి. పాత స్టాకు అయితే బయాస్ (బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాము) పాతదై 5600జిని గుర్తుపట్టదు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది, పాపం కొన్నవాళ్ళు ప్రాసెసరు పోయిందనుకుంటారు. కొనేచోటే బయాస్ అప్‌డేట్ చేసి ఇమ్మని అడగాలి.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఇంకోటి ఉంది. డబ్బులు కలిసొస్తాయని పాత రైజెన్ 3 3200జి తీసుకుని, దానికి కొత్త ఏ520 బోర్డు కొంటారు. సాకెట్టు ఒకటే, చక్కగా కూర్చుంటుంది, కానీ ఏ520, బి550 చిప్‌సెట్లకి 3200జి, 3400జి అధికారిక మద్దతు లేదు. అంకె 3000తో మొదలైనా లోపలి డిజైను పాతది. 3200జియే కావాలంటే బి450 బోర్డు చూసుకోవాలి. 2200జి, 2400జి అయితే విండోస్ 11 జాబితాలోనే లేవు.

ర్యామ్ డీడీఆర్4, 3200 వేగం, 8 జీబీది ఒక్కటి, సెకండ్‌హ్యాండ్. ర్యామ్ వాడకంతో అరిగిపోయే వస్తువు కాదు, ఉంటే బాగుంటుంది లేకపోతే చెడిపోయి ఉంటుంది, ఆ సంగతి పరీక్షలో తేలిపోతుంది. రెండో స్లాటు ఖాళీగా ఉంచి, ధర దిగినప్పుడు అలాంటిదే ఇంకో 8 జీబీ పెట్టండి. ఈ ప్రాసెసర్లో గ్రాఫిక్స్‌కి సొంత మెమొరీ లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుకని రెండు స్టిక్కులు పడ్డ రోజున వేగంలో తేడా కంటికి తెలుస్తుంది. మొదటి రెండు సెమిస్టర్ల సీ, పైథాన్, జావా ల్యాబులకి 8 చాలు. ఆండ్రాయిడ్ స్టూడియో దాకా వెళ్తే 16 ఉంటేనే సుఖం.

ఎస్‌ఎస్‌డీ 256 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ, కొత్తది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. 5600జి మూడో తరం పీసీఐఈ (ఎస్‌ఎస్‌డీని ప్రాసెసరుకి కలిపే దారి) వేగం వరకే ఇస్తుంది, కాబట్టి "జెన్ 4" పేరు చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర్లేదు. ఆన్‌లైన్లో వందలకే దొరికే 2 టీబీ ఎస్‌ఎస్‌డీలు, పెన్‌డ్రైవులు దొంగ కొలతలవి. నిండేకొద్దీ ముందు రాసినదాని మీదే రాసుకుంటూ పోయి ఫైళ్ళన్నీ పాడుచేస్తాయి.

క్యాబినెట్ 1,800 లోపు ఏదైనా పర్వాలేదు. ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది చూడండి.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. ఎస్‌ఎమ్‌పీఎస్: 450 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర), కొత్తది, 3 వేల లోపు. "మొత్తం మిషను 100 వాట్లు కూడా తాగదు కదా, 700 రూపాయలది చాలదా?" అని మీకు అనిపించొచ్చు. వాట్ల కోసం కాదండి ఇది. మన గోదావరి జిల్లాల్లో చవక కంప్యూటర్లు చచ్చేది ప్రాసెసరు చాలక కాదు, కరెంటు వల్ల, చెమ్మ వల్ల. రిపేరు బల్ల మీదకి వచ్చే డెడ్ బోర్డుల వెనకాల చాలాసార్లు కనిపించేది ఆ ఉచిత ఎస్‌ఎమ్‌పీఎస్సే.

దాన్ని పోల్చుకోవడం తేలిక. పక్కనున్న స్టిక్కరులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లని రాశారో చూసి 12తో గుణించండి. నిజమైన 450 వాట్లదానికి అక్కడ 35 దాకా ఉంటుంది, అంటే 420 వాట్లు. పేరుకే 450 అయినదానికి 14, 16 ఉంటుంది, అంటే 170, 190 వాట్లు. చేత్తో పట్టుకుంటే కూడా తెలుస్తుంది, మంచిది బరువుగా ఉంటుంది. ఇంకో గుర్తు: వెనకాల 115/230 అని ఎర్ర స్విచ్చు ఉంటే అది పాతకాలపు డిజైను. ఆ స్విచ్చు పొరపాటున 115 వైపు జరిగి ఉండగా మన 230 ప్లగ్గులో పెడితే ఠప్పున పేలుతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సాఫీగా తీసుకునే కొత్త రకం సర్క్యూట్) ఉన్నదైతే ఆ స్విచ్చే ఉండదు, స్టిక్కరు మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటే ఆ మధ్య వోల్టేజీకి దానంతట అది సర్దుకుంటుంది. రొయ్యల చెరువులున్న ఊళ్ళలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏరేటర్లన్నీ రాత్రిపూట తిరుగుతుంటే వోల్టేజీ 170, 180కి పడిపోతుంటుంది. ఆ వేళప్పుడు నిలబడేది ఇలాంటిదే.

లెక్క చూసుకోండి: ప్రాసెసరు 8,000, బోర్డు 5,500, ఎస్‌ఎమ్‌పీఎస్ 3,000, క్యాబినెట్ 1,800. మొత్తం 18,300. మిగిలిన 6,700లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రావాలి. బిగుతుగానే ఉంటుంది. సరిపోకపోతే ఎస్‌ఎమ్‌పీఎస్ తగ్గించకండి, ప్రాసెసరు ఒక మెట్టు దిగండి. నెట్టు ఫైబర్ బాక్సు నుంచి లాన్ కేబుల్‌తో నేరుగా తీసుకుంటే వైఫై కార్డు ఖర్చూ ఉండదు.

రాజమండ్రి, కాకినాడ, భీమవరం షాపుల్లో ఎస్‌ఎమ్‌పీఎస్, క్యాబినెట్ తీసుకుని, బోర్డు, ప్రాసెసరు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పించుకోవడం ఒక పద్ధతి. ఆర్టీసీ కార్గోలో వస్తాయి. వారంటీ వస్తువు రీప్లేస్‌మెంటుకి ఏ ఊరు పంపాలో మాత్రం కొనేముందే అడగండి. దగ్గర షాపులో 300 ఎక్కువైనా, చెడిపోతే బస్సెక్కి వెళ్ళి మార్చుకురాగలిగితే అదే లాభం.

పార్టులు తెచ్చేలోపు ప్లగ్గు పరీక్ష. 300, 400 రూపాయల డిజిటల్ మల్టీమీటరు కొనండి, తర్వాత కూడా పదిసార్లు పనికొస్తుంది. ఏసీ 600 లేదా 750 వోల్టుల దగ్గర పెట్టండి. సాకెట్టుకి ఎదురుగా నిలబడితే పైనున్న పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపుది ఫేజు, ఎడమది న్యూట్రల్. మూడు రీడింగులు తీసుకోవాలి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 అటూ ఇటూ. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2, 3 వోల్టులకు మించకూడదు. ఈ పని తెలిసినవాళ్ళో ఎలక్ట్రీషియనో చెయ్యాలి, పిల్లాడి చేత చేయించకండి.

రెండో రీడింగు సున్నా గానీ, 90, 120 లాంటి తిక్క అంకె గానీ చూపిస్తే ఎర్తు వైరు ఎక్కడా కలిసిలేదన్నమాట. మూడోది కచ్చితంగా సున్నా అయితే ఇంకో అనుమానం: ఎవరో సాకెట్టు వెనకాలే న్యూట్రల్‌ని ఎర్తుకి కలిపేసి ఉండొచ్చు. అది చాలా ప్రమాదం. న్యూట్రల్ ఎక్కడో తెగిన రోజున క్యాబినెట్ మొత్తం ఫేజు అవుతుంది.

ఎర్తు లేకపోయినా కంప్యూటర్ నడుస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, కరెంటులోని చెత్తని ఎర్తులోకి పంపడానికి. ఎర్తు లేనప్పుడు ఆ రెండింటి మధ్య చిక్కి బాడీ దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 దగ్గర నిలుస్తుంది. తడికాళ్ళతో క్యాబినెట్ స్క్రూ తాకితే సన్నగా జిల్లుమనేది అదే. మనిషికి అది చిన్న కరెంటే గానీ, మానిటర్ కేబులో పెన్‌డ్రైవో గుచ్చిన క్షణంలో ఆ తేడా అంతా పోర్టు గుండా పోతుంది. "పెన్‌డ్రైవు పెట్టాను, ఆగిపోయింది" అని వచ్చే కేసుల్లో ముందు అడగాల్సింది ఎర్తింగ్ సంగతే.

మన డెల్టా నేలకి ఒక అదృష్టం ఉంది. నాలుగడుగులు తవ్వితే చెమ్మ తగిలే ఒండ్రుమట్టి, ఎర్తు బాగా పడుతుంది. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్లు, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి పాతితే చాలు. సముద్రం వైపు, అంటే అంతర్వేది, ఓడలరేవు దరిదాపుల్లో మాత్రం పైపుకి వైరు బిగించిన క్లాంపు తొందరగా తుప్పు తింటుంది. ఏడాదికోసారి వర్షాలకి ముందు విప్పి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాలి.

ఇన్వర్టర్ ఉందన్నారు. అది సైన్ వేవ్ (లైను కరెంటులాగే సాఫీగా ఇచ్చే) రకమైతే వెనకాల "యూపీఎస్ మోడ్" అని స్విచ్చు ఉంటుంది, అటు వెయ్యండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి 30, 40 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో 10 లోపే మారుతుంది, మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ ఖాళీని తట్టుకుంటుంది. ఇలా యూపీఎస్ ఖర్చు మిగులుతుంది. ఒక ఇబ్బంది ఉంది: ఆ మోడ్‌లో ఇన్వర్టర్ 180 వోల్టుల కిందికి దిగితే కరెంటు పోయినట్టే లెక్కేసి బ్యాటరీకి మారుతుంది. మీ ఊళ్ళో రాత్రిళ్ళు లో వోల్టేజీ ఉంటే కరెంటు ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. అలాంటప్పుడు, లేదా పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయినప్పుడు, 600 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ విడిగా పెట్టుకోండి. 600 వీఏ అంటే 360 వాట్లు. మన మిషను, మానిటరు కలిపి 130 దాటవు. పని సేవ్ చేసుకుని ఆపడానికి సరిపోతుంది. లో వోల్టేజీని కొంత పైకెత్తి ఇస్తుంది కాబట్టి స్టెబిలైజరు అక్కర్లేదు. దానికి లేజర్ ప్రింటరు మాత్రం తగిలించకండి.

బిగించే రోజు సంగతి. ముందు క్యాబినెట్‌లో పెట్టకుండా, బోర్డు పెట్టె మీదే అన్నీ తగిలించి ఒకసారి వెలిగించి చూడాలి. అంతా స్క్రూలు బిగించాక తెర రాకపోతే మళ్ళీ మొత్తం విప్పాలి.

సాకెట్టు పక్కనున్న లీవరు పైకెత్తండి. ప్రాసెసరు మూల మీద చిన్న బంగారు త్రికోణం ఉంటుంది, సాకెట్టు మూలన కూడా ఉంటుంది. రెండూ ఒకే మూలకి తెచ్చి వదిలితే తనంతట తానే దిగుతుంది. వేలితో నొక్కకూడదు. దిగలేదంటే దిశ తప్పో, పిన్ను వంగడమో. దిగాక లీవరు వెయ్యండి. ర్యామ్‌లో గాడి ఒక పక్కకి ఉంటుంది, అది చూసి పెట్టి రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కండి. ఒకే స్టిక్కు ఏ స్లాటులో పెట్టాలో బోర్డు పుస్తకంలో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీని కొంచెం ఏటవాలుగా గుచ్చి, రెండో చివర కిందికి వంచి, చిన్న స్క్రూ వెయ్యండి. ఆ స్క్రూ కనపడకుండా పోయేంత చిన్నది, ముందే గిన్నెలో పెట్టుకోండి.

కూలరు దగ్గర రెండు జాగ్రత్తలు. 5600జితో వచ్చే కూలరుకి స్ప్రింగు స్క్రూలు నాలుగు. బోర్డు మీదున్న నల్ల ప్లాస్టిక్ ముక్కలు రెండూ ముందు విప్పెయ్యాలి, విప్పగానే వెనకాల ఇనప పలక ఊడిపడుతుంది, చేత్తో పట్టుకోండి. పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టండి. పలచగా పులమనక్కర్లేదు, కూలరు నొక్కుడికి అదే పరుచుకుంటుంది. స్క్రూలు ఎదురెదురు మూలల నుంచి తలా రెండు తిప్పులు చొప్పున బిగించండి. ఒక్కటే పూర్తిగా బిగిస్తే పక్కకి వాలి, పేస్టు ఒకవైపే పడుతుంది. ఫ్యాను వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన పిన్నులకే పెట్టాలి. ఎప్పుడైనా కూలరు తియ్యాల్సి వస్తే మిషను పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్గు తీసి, వెచ్చగా ఉండగానే అటూ ఇటూ మెలితిప్పి తియ్యండి. చల్లగా ఉన్నప్పుడు నిలువుగా లాగితే ఎండిన పేస్టుకి అతుక్కుని ప్రాసెసరు సాకెట్టులోంచి పీకుకుని వచ్చేస్తుంది. పిన్నులు వంగేది ఎక్కువగా అలాగే.

ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి 24 పిన్నుల పెద్ద కేబులు ఒకటి, ప్రాసెసరు దగ్గరకి 4+4 పిన్నులది ఇంకోటి. ఈ రెండోది మర్చిపోవడం సర్వసాధారణం, అప్పుడు ఫ్యాను తిరుగుతుంది, తెర రాదు. మానిటరు తగిలించి, బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం తాకించండి. మొదటిసారి తెర రావడానికి నిమిషం దాకా పట్టొచ్చు, రెండు మూడుసార్లు ఆగి మళ్ళీ మొదలవ్వచ్చు. ర్యామ్‌ని సరిచూసుకుంటోంది, కంగారుపడి స్విచ్ తియ్యకండి.

అప్పటికీ రాకపోతే ర్యామ్ తీసి, దాని బంగారు పళ్ళని పెన్సిలు తుడిచే తెల్ల రబ్బరుతో రెండువైపులా రుద్ది, పొడి దులిపి మళ్ళీ పెట్టండి. మన ఉప్పుగాలికి ఆ పళ్ళ మీద కంటికి కనపడని పొర పడుతుంది. సెకండ్‌హ్యాండ్ ర్యామ్‌కి ఈ పని ఎలాగూ ముందే చేసేస్తే మంచిది.

తెర వచ్చాక క్యాబినెట్‌లోకి. మొదట, బోర్డుతో వచ్చే, పోర్టులకి రంధ్రాలున్న వెనకవైపు రేకు ముక్కని లోపలినుంచి నొక్కి బిగించాలి, బోర్డు పెట్టాక గుర్తొస్తే మళ్ళీ విప్పడమే. ఇత్తడి స్టాండాఫులు (బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్ళు) బోర్డు రంధ్రాలకి ఎదురుగా ఉన్నవే ఉండాలి. రంధ్రం లేనిచోట ఒక్కటి మిగిలినా బోర్డు వెనకవైపు తగిలి షార్ట్ అవుతుంది, ఆన్ చెయ్యగానే ఒక్క క్షణం వెలిగి ఆగిపోతుంది. ముందు బటన్ల వైర్లలో స్విచ్చులవి ఎటు పెట్టినా పనిచేస్తాయి, లైట్లవి మాత్రం ప్లస్, మైనస్ చూడాలి. స్టాటిక్ గురించి యూట్యూబులో చాలా భయపెడతారు. మన గాలిలో చెమ్మ ఎక్కువ, పొడి ఊళ్ళలో ఉన్నంత బెడద ఇక్కడ లేదు. పని మొదలుపెట్టే ముందు క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుంటే చాలు.

బయాస్‌లో మూడు పనులు. ర్యామ్‌కి ఎక్స్‌ఎమ్‌పీ (దాని మీద రాసిన పూర్తి వేగాన్ని ఇచ్చే సెట్టింగు) ఆన్ చెయ్యండి, లేకపోతే కొన్ని స్టిక్కులు 2133, 2400 దగ్గరే నడుస్తాయి. విండోస్ 11 వేస్తే ఎఫ్‌టీపీఎమ్ (ప్రాసెసర్లోనే ఉండే భద్రతా ఏర్పాటు) ఆన్‌లో ఉండాలి. మూడోది మనకి ముఖ్యం: కరెంటు తిరిగొచ్చాక ఏం చెయ్యాలి అన్న సెట్టింగుని "పవర్ ఆఫ్" లో పెట్టండి. కరెంటు వచ్చిన మొదటి నిమిషంలో వోల్టేజీ పైకీ కిందకీ ఊగుతుంది, ఆ సమయంలో మిషను తనంతట తాను లేవకూడదు.

తర్వాత పెన్‌డ్రైవులో మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాము) వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ వెనక్కిచ్చెయ్యండి. "ఒకటే కదా" అనుకోవద్దు, అదే రేపు ఫైళ్ళు పాడుచేస్తుంది. అందుకే సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడే వారం గడువు మాట తీసుకోవాలి. సిస్టమ్‌గా లినక్స్ మింట్ ఉచితం, 8 జీబీలో హాయిగా నడుస్తుంది, సీఎస్‌ఈ పిల్లాడికి అలవాటవడం మంచిది కూడా. కాలేజీవాళ్ళు విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. ఎండాకాలం గది 38 డిగ్రీలున్నా ప్రాసెసరు బాగా పనిలో ఉన్నప్పుడు 85 లోపే ఉండాలి. ఈ చిప్ హద్దు 95. ఆ దగ్గరికి వెళ్తుంటే కూలరు సరిగ్గా కూర్చోలేదు.

మన ప్రాంతానికి ఇంకా కొన్ని. వెనకాల కార్డుల కోసం ఉన్న ఖాళీ సందులకి రేకులు తప్పకుండా బిగించండి. వెచ్చగా ఉంటుందని బల్లులు దూరతాయి. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల 300 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది, బల్లి అడ్డం పడితే దానితో పాటు అదీ పోతుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ మూత మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా లోపల ఆ కరెంటు నిలవ ఉంటుంది. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పనులు జరిగేచోట ఆ సన్నటి పొట్టు కూలరు రెక్కల్లో చేరి చెమ్మకి ముద్దవుతుంది, అక్కడ రెండు నెలలకోసారి, మిగతాచోట్ల నాలుగు నెలలకోసారి మెత్తటి బ్రష్షుతో దులపండి. ఫ్యాను వేలితో ఆపి పట్టుకుని దులపాలి. వానాకాలంలో రోజూ ఓ గంటైనా నడిపితే లోపల చెమ్మ నిలవదు. నెలల తరబడి ఆపేసినవే ఎక్కువ చెడిపోతాయి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ప్లగ్గు, లాన్ కేబులు రెండూ పీకెయ్యండి. మీది లంకగ్రామం అయితే వరద రోజుల్లో అటక మీదకి ఎక్కించండి. నీళ్ళు తగిలితే ఆన్ చేసి చూడాలన్న ఆత్రం వద్దు. ముందు బోర్డు మీది నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ తియ్యండి. అది ఉన్నంతసేపూ తడిలో రాగి గీతల్ని తినేస్తూనే ఉంటుంది. మంచినీళ్ళతో బురద కడిగి, ఐసోప్రొపైల్‌తో మళ్ళీ కడిగి, నీడలో ఫ్యాను కింద మూడు రోజులు ఆరనివ్వండి. తడిసిన ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం మార్చెయ్యడమే.

చేత్తో బిగించే సరదా అంతగా లేకపోతే ఇంకో దారి ఉంది: ఆఫీసుల్లోంచి వచ్చిన ఎనిమిదో తరం ఐ5 టవరు. ఆ పెద్ద కంపెనీల బోర్డులు గట్టివి. కాకపోతే చాలావాటిలో ఎస్‌ఎమ్‌పీఎస్, బోర్డు కనెక్టర్లు వాళ్ళ సొంత కొలతలవి, బజారులో దొరికే 24 పిన్నులది పట్టదు. ఎస్‌ఎమ్‌పీఎస్ పోయిన రోజున అదే మోడల్ వెతుక్కోవాలి. తీసుకుంటే సన్నటి చిన్న పెట్టె కాకుండా టవరే తీసుకోండి.

ముందు ఆ మూడు వోల్టేజీ రీడింగులు, ఇన్వర్టర్ సైన్ వేవా కాదా, రాత్రి తొమ్మిదికి ప్లగ్గులో ఎంత చూపిస్తోందో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి విడిగా యూపీఎస్ కావాలో వద్దో తేలుతుంది, ఆ డబ్బు మిగిలితే రెండో ర్యామ్‌కి వెళ్తుంది.